జేబులో పట్టే యూఎస్‌బీ భద్రతా పరీక్ష పరికరం: హార్డ్‌వేర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు మీద ఒక కంపెనీలో సెక్యూరిటీ టెస్టింగ్ నా ఉద్యోగం, అంటే యాజమాన్యం అనుమతితో వాళ్ల కంప్యూటర్ల రక్షణను పరీక్షించడం. సొంతూరు నెల్లూరు. గూడూరు, తిరుపతి, ఒంగోలు వైపు నుంచి వచ్చి ఇక్కడ పీజీల్లో ఉంటూ ఇదే రంగంలోకి రావాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు కొందరు ఆదివారాలు మా ఇంటికి వస్తుంటారు. బల్ల మీద బోర్డులు పరుచుకుని కూర్చుంటే అడిగే ప్రశ్నలు దాదాపు అవే ఉంటాయి. నోటితో చెప్పీ చెప్పీ, చివరికి ఇలా రాసి పెట్టాను. ఇందులో దాడి స్క్రిప్టులు ఉండవు. పరికరం లోపల ఏముంది, దేనికి డబ్బు పెట్టాలి, దేనికి అక్కర్లేదు, అంతే.

అసలు ఈ పరికరం ఏం చేస్తుంది?

చూడటానికి పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది. కంప్యూటర్‌కు పెట్టగానే 'నేను కీబోర్డును' అనో, 'నేను నెట్‌వర్క్ అడాప్టర్‌ను' అనో చెప్పుకుంటుంది. కంప్యూటర్ ఆ మాట నమ్ముతుంది. కీబోర్డు వేషమైతే, లోపల ముందే రాసి పెట్టిన కమాండ్లను, అంటే స్క్రిప్టును, మనిషి టైప్ చేసినట్టే టైప్ చేస్తుంది. యూఎస్‌బీ ప్రమాణంలో పరికరం తనను తాను పరిచయం చేసుకోవడమే తప్ప, ఆ పరిచయం నిజమో కాదో రుజువు చూపాల్సిన పని మొదటి నుంచీ లేదు. తయారీదారు నంబరు, ఉత్పత్తి నంబరు, ఏ తరగతి పరికరం అన్న వివరాలు 18 బైట్ల చిన్న చీటీతో మొదలయ్యే వరసలో వెళ్తాయి. ఆ చీటీలో ఏం రాయాలో పరికరం లోపలి ప్రోగ్రామ్ ఇష్టం.

హాక్5 సంస్థ 2010లో తెచ్చిన రబ్బర్ డక్కీ అనే పరికరం ఈ ఆలోచనను అందరి చేతికీ అందించింది. 2014లో బ్లాక్ హ్యాట్ అనే భద్రతా పరిశోధకుల సమావేశంలో కార్స్టెన్ నోల్, యాకోబ్ లెల్ 'బ్యాడ్‌యూఎస్‌బీ' పేరుతో ఇంకో అడుగు ముందుకు వేశారు. మామూలు పెన్‌డ్రైవ్ కంట్రోలర్ చిప్‌లోని ఫర్మ్‌వేర్‌నే (దాన్ని నడిపే లోపలి ప్రోగ్రామ్‌నే) మార్చి, దాన్ని కీబోర్డుగా నటింపజేయవచ్చని చూపించారు.

జనం ఎవరిదో తెలియని పెన్‌డ్రైవ్ పెడతారా అని అడిగేవాళ్లుంటారు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో పరిశోధకులు 297 పెన్‌డ్రైవ్‌లు అక్కడక్కడా పడేసి చూశారు. 2016లో ఫలితాలు ప్రచురించారు. 98 శాతం డ్రైవ్‌లను ఎవరో ఒకరు తీసుకెళ్లారు. కనీసం 45 శాతం డ్రైవ్‌ల విషయంలో వాటిలోని ఫైళ్లు కూడా తెరిచారు. మన ఆఫీసుల్లో పరీక్ష పెట్టమని యాజమాన్యాలు అడగడానికి ఇలాంటి లెక్కలే కారణం.

స్పెసిఫికేషన్ కాగితంలో ముందు ఏం చూడాలి?

అందరూ గిగాహెర్ట్జ్ చూస్తారు. నేను మాత్రం ఒకటే అడుగుతాను: బోర్డు మీది యూఎస్‌బీ సాకెట్ తీగలు ఏ చిప్‌కు వెళ్తున్నాయి?

ఇది అర్థం కాక డబ్బు పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. ఆర్డుయినో నానో బోర్డుకు యూఎస్‌బీ సాకెట్ ఉంటుంది. క్లోన్ బోర్డుల్లో ఎక్కువగా ఆ తీగలు సీహెచ్340 అనే మధ్యవర్తి చిప్‌కు వెళ్తాయి. ఆ చిప్‌కు తెలిసింది ఒక్కటే, సీరియల్ పోర్టుగా ఉండటం. వెనకాల ఉన్న అసలు మైక్రోకంట్రోలర్‌లో (మన ప్రోగ్రామ్ నడిపే చిప్‌లో) మీరు ఏ ప్రోగ్రామ్ రాసినా, కంప్యూటర్‌కు కనపడేది మధ్యవర్తే. ఈఎస్‌పీ8266 బోర్డులదీ, మొదటి తరం ఈఎస్‌పీ32 బోర్డులదీ ఇదే సంగతి. ఆ చిప్‌లకు సొంత యూఎస్‌బీ లేదు.

ఏటీమెగా32యూ4 చిప్ ఉన్న లియొనార్డో, ప్రో మైక్రో బోర్డుల్లో, ఆర్‌పీ2040 ఉన్న రాస్ప్‌బెర్రీ పై పికోలో, ఈఎస్‌పీ32-ఎస్2, ఎస్3లలో యూఎస్‌బీ అసలు చిప్‌లోనే ఉంటుంది. కాబట్టి ఏ పరికరంగా పరిచయం చేసుకోవాలో మీ ప్రోగ్రామే నిర్ణయిస్తుంది.

లినక్స్ నడిచే బోర్డుల్లో ఇంకో మెలిక ఉంది. యూఎస్‌బీలో ఒకవైపు యజమాని, రెండోవైపు పరికరం. కంప్యూటర్ యజమాని (హోస్ట్), కీబోర్డు పరికరం (డివైస్). చాలా బోర్డులు యజమానిగా మాత్రమే ఉండగలవు. రాస్ప్‌బెర్రీ పై 3 మోడల్ బీ ఎంత శక్తిమంతమైనదైనా ఈ పనికి రాదు. ప్రాసెసర్‌కున్న ఒక్క యూఎస్‌బీ లైను నేరుగా బోర్డు మీది హబ్ చిప్‌లోకి వెళ్లిపోతుంది. దానికంటే ఎంతో బలహీనమైన పై జీరో పనికొస్తుంది, ఎందుకంటే అందులో ఆ లైను సాకెట్‌కు నేరుగా వస్తుంది. పై 4లో టైప్-సి సాకెట్ ద్వారా ఇది వీలవుతుంది, కానీ అది జేబులో పట్టదు.

స్పెసిఫికేషన్‌లో 'ఓటీజీ' అని గానీ, 'డివైస్ మోడ్' అని గానీ, 'గ్యాడ్జెట్' అని గానీ కనపడితే ఆ బోర్డు మీ పనికి వస్తుంది. 'యూఎస్‌బీ హోస్ట్' అని మాత్రమే రాసి ఉంటే పక్కన పెట్టేయండి.

ప్రాసెసర్ ఎంత వేగంగా ఉండాలి?

మీ పరీక్ష ఏమిటో దాన్ని బట్టి. కీబోర్డుగా నటించి నాలుగు వాక్యాలు టైప్ చేయడానికి, 16.5 మెగాహెర్ట్జ్‌తో నడిచే డిజిస్పార్క్ అనే చిన్న బోర్డు చాలు. అందులోని ఏటీటైనీ85లో మొత్తం మెమరీ 8 కేబీ, బూట్‌లోడర్ (కొత్త ప్రోగ్రామ్ ఎక్కించే చిన్న ప్రోగ్రామ్) పోగా మనకు మిగిలేది 6 కేబీ దాకా. ర్యామ్ 512 బైట్లు. అంత చిన్న చిప్‌కు యూఎస్‌బీ హార్డ్‌వేరే లేదు. రెండు మామూలు పిన్నులను సాఫ్ట్‌వేర్‌తో ఆడించి యూఎస్‌బీ సంకేతాలు పుట్టిస్తుంది. ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్ల పనితనానికి నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. మొదటి రబ్బర్ డక్కీలో ఉన్నది 60 మెగాహెర్ట్జ్ 32 బిట్ చిప్. పికోలోని ఆర్‌పీ2040కి రెండు కోర్లు, 133 మెగాహెర్ట్జ్, 264 కేబీ ర్యామ్.

నెట్‌వర్క్ అడాప్టర్‌గా నటించి, వచ్చిన ట్రాఫిక్‌ను అక్కడే పరిశీలించాలంటే లినక్స్ కావాలి. అప్పుడు పై జీరో డబ్ల్యూ (ఒక కోరు, 1 గిగాహెర్ట్జ్, 512 ఎంబీ ర్యామ్), 2021లో వచ్చిన పై జీరో 2 డబ్ల్యూ (నాలుగు కోర్లు, 1 గిగాహెర్ట్జ్, అదే 512 ఎంబీ), 2017లో వచ్చిన హాక్5 వాళ్ల బ్యాష్ బన్నీ (నాలుగు కోర్ల ఆర్మ్ చిప్) లాంటివి చూడాలి.

వేగం కంటే నాకు ముఖ్యం, పెట్టిన ఎన్ని సెకన్లకు పని మొదలుపెడుతుందన్నది. మైక్రోకంట్రోలర్ అయితే సెకను లోపే. డిజిస్పార్క్ మాత్రం కొత్త ప్రోగ్రామ్ ఏమైనా వస్తుందేమోనని 5 సెకన్లు ఎదురుచూసి ఆ తర్వాతే మొదలుపెడుతుంది. బ్యాష్ బన్నీ దాదాపు 7 సెకన్లు. పై జీరోలో మామూలు రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ వేస్తే అరనిమిషం కూడా పడుతుంది. రిసెప్షన్‌లో 'ఒక్క ప్రింట్ తీసుకుంటానండీ' అని అడిగి నిలబడ్డవాడికి అరనిమిషం చాలా ఎక్కువ. అందుకే అవసరం లేని సర్వీసులన్నీ తీసేసి బూట్ సమయం తగ్గించుకోవడం మీదే మొదటి శ్రద్ధ పెట్టండి.

యూఎస్‌బీ 3.0 ఉండాలా?

కీబోర్డు పనికి అస్సలు అక్కర్లేదు.

యూఎస్‌బీ 2.0లో మూడు వేగాలున్నాయి: సెకనుకు 1.5 మెగాబిట్లు, 12 మెగాబిట్లు, 480 మెగాబిట్లు. డిజిస్పార్క్ మొదటిది. పికో, ప్రో మైక్రో రెండోది. పై జీరో మూడోది. ఫైళ్లు బయటికి తీసుకెళ్లగలరా అని పరీక్షిస్తున్నప్పుడు మాత్రం తేడా తెలుస్తుంది. 12 మెగాబిట్ల పరికరం మీద సెకనుకు ఒక ఎంబీ దాటడం కష్టం. ఒక జీబీ ఫైలుకు పావుగంట పైనే పడుతుంది.

ఒక చిన్న విషయం, తెలుసుకుంటే మరిచిపోరు. పోర్టులో ఏదో పెట్టారని కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది? పరికరం లోపల ఒక 1.5 కిలో ఓమ్ రెసిస్టర్ ఉంటుంది. అది డేటా ప్లస్ తీగను పైకి లాగితే 12 మెగాబిట్ల పరికరం, డేటా మైనస్ తీగను లాగితే 1.5 మెగాబిట్ల పరికరం. 480 మెగాబిట్ల పరికరం కూడా మొదట 12గానే పరిచయమై, తర్వాత మాట్లాడుకుని వేగం పెంచుకుంటుంది. మల్టీమీటర్ ఉంటే పాత యూఎస్‌బీ కీబోర్డు మీద కొలిచి చూడండి.

కరెంటు ఎంత తీసుకుంటుంది? కొన్ని ల్యాప్‌టాప్‌లలో మధ్యలో ఆగిపోతోంది, ఎందుకు?

పరిచయం పూర్తయ్యే దాకా యూఎస్‌బీ 2.0 పరికరం 100 మిల్లీఆంపియర్లకు మించి తీసుకోకూడదు. పరిచయంలో ఎంత కావాలో అడుగుతుంది, 500 దాకా ఇవ్వవచ్చు. యూఎస్‌బీ 3లో అది 900. యూఎస్‌బీ 2.0లో అడిగే సంఖ్యను 2 మిల్లీఆంపియర్ల లెక్కన రాస్తారు. 250 అని రాస్తే 500 అని అర్థం. కొత్తవాళ్లు ఇక్కడ 500 అని రాయబోయి తికమకపడతారు. ఆ గడి ఒకే బైటు, 255 దాటదు.

పై జీరో డబ్ల్యూ బోర్డు ఒక్కటే మామూలుగా 150 మిల్లీఆంపియర్లు, జీరో 2 డబ్ల్యూ 350 తీసుకుంటుందని రాస్ప్‌బెర్రీ పై సంస్థ పట్టికలోనే ఉంది. దాని మీద వై-ఫై పూర్తిగా వాడితే, నాలుగు కోర్లూ పనిలో ఉంటే ఇంకా పెరుగుతుంది. సొంత కరెంటు లేని హబ్‌కు పెడితే అది ఒక్కో పోర్టుకు 100 మాత్రమే ఇస్తానంటుంది. మానిటర్ వెనక ఉన్న పోర్టులతోనూ తంటాలు వస్తాయి. మీ పరికరం ఒక ల్యాప్‌టాప్‌లో బాగా నడిచి ఇంకోదాంట్లో తిరిగి తిరిగి రీబూట్ అవుతుంటే స్క్రిప్టును తిట్టుకోకండి, ముందు కరెంటు చూడండి. పోర్టుకూ పరికరానికీ మధ్య పెట్టే చిన్న యూఎస్‌బీ మీటర్ ఒకటి సంచిలో ఉంచుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

పై జీరో పెట్టాను, లైటు వెలిగింది, కంప్యూటర్‌కు మాత్రం కనపడటం లేదు.

రెండు మైక్రో యూఎస్‌బీ సాకెట్లున్నాయి. అంచుకు దగ్గరగా ఉన్నది కరెంటుకు మాత్రమే, డేటా లోపలిది. లోపలి దాంట్లో పెట్టినా కనపడకపోతే కేబుల్ మార్చండి. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో ఎరుపు, నలుపు తీగలుంటాయి, డేటాకు కావలసిన తెలుపు, ఆకుపచ్చ ఉండవు.

టైప్-సి బోర్డు పాత కేబుల్‌తో పనిచేస్తోంది, రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో చేయట్లేదు. బోర్డు పాడైందా?

పాడవలేదు, తయారీలోనే పిసినారితనం చూపారు. టైప్-సిలో సీసీ అనే రెండు పిన్నులుంటాయి. పరికరం వైపు ఒక్కోదానికి విడివిడిగా 5.1 కిలో ఓమ్ రెసిస్టర్ ఉండాలి. అవతలివైపు యజమాని ఆ రెసిస్టర్ చూశాకే 5 వోల్టులు వదులుతుంది. రెసిస్టర్లు లేకపోతే కరెంటే రాదు. పాత టైప్-ఎ పోర్టులో 5 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి అక్కడ లోపం బయటపడదు. చౌక క్లోన్ బోర్డుల్లో ఇది మామూలే. పెద్ద సంస్థలకూ ఇక్కడ పొరపాటు జరిగింది. 2019లో వచ్చిన మొదటి పై 4 బోర్డుల్లో రెండు పిన్నులకు కలిపి ఒకటే రెసిస్టర్ పెట్టడంతో కొన్ని ఖరీదైన కేబుళ్లతో అవి ఆన్ కాలేదు. తర్వాతి బోర్డుల్లో సరిచేశారు.

సెకనుకు ఎన్ని అక్షరాలు టైప్ చేయగలదు?

కీబోర్డు ఒక్కో మీట సమాచారాన్ని 8 బైట్ల పొట్లంగా పంపుతుంది. మొదటి బైటు షిఫ్ట్, కంట్రోల్ లాంటి వాటికి, రెండోది ఖాళీ, మిగతా ఆరు బైట్లు ఆరు మీటలకు. 12 మెగాబిట్ల పరికరాన్ని కంప్యూటర్ మిల్లీసెకనుకు ఒకసారి పలకరించగలదు. నొక్కినందుకు ఒక పొట్లం, వదిలినందుకు ఒకటి. ఆ లెక్కన కాగితం మీద సెకనుకు 500 అక్షరాలు. 1.5 మెగాబిట్ల పరికరానికి పలకరింపుల మధ్య కనీసం 10 మిల్లీసెకన్లు ఉండాలి కాబట్టి అక్కడ లెక్క 50 దాకా. పనిలో ఎప్పుడూ అంత వేగం పెట్టను. పాత డెస్క్‌టాప్‌లు మధ్యలో అక్షరాలు మింగేస్తాయి. పైగా రక్షణ వైపు ఉన్నవాళ్లు మనిషి టైప్ చేయలేని వేగాన్ని చూసే పట్టుకుంటారు. గూగుల్ 2020లో లినక్స్ కోసం విడుదల చేసిన ఒక చిన్న సాధనం మీటల మధ్య వ్యవధిని కొలిచే పని చేస్తుంది.

వేగం కంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. కీబోర్డు అక్షరాలు పంపదు, మీట నంబర్లు పంపుతుంది. 4 అంటే ఇంగ్లిష్ లేఅవుట్‌లో 'A' అక్షరం మీట. ఆ నంబరుకు ఏ అక్షరం చూపాలన్నది కంప్యూటర్‌లో ఆన్‌లో ఉన్న లేఅవుట్ నిర్ణయిస్తుంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ ఆన్‌లో ఉన్న మెషీన్‌కు పెడితే కే మీట 'క' అవుతుంది, హెచ్ మీట 'ప' అవుతుంది, జే మీట 'ర' అవుతుంది. మీ కమాండ్ అంతా అర్థం లేని తెలుగు అక్షరాల వరసగా తెర మీద పడుతుంది.

చెన్నైలో ఇది నాకు ఎదురైంది. ఒక క్లయింట్ దగ్గర అకౌంట్స్ విభాగంలో పరీక్ష. ఆ మెషీన్‌లో తమిళ్99 లేఅవుట్ ఆన్‌లో ఉంది, ఉదయం వాళ్లెవరో తమిళంలో ఉత్తరం టైప్ చేసి అలాగే వదిలేశారు. మేము అనుమతి తీసుకుని రెండు వారాలు తయారైన పరీక్ష, తెర నిండా తమిళ అక్షరాలతో ముగిసింది. ఆ నివేదికలో 'మెషీన్ సురక్షితం' అని రాయడానికి నాకు మనసొప్పలేదు. లేఅవుట్ వల్ల ఆగిందని స్పష్టంగా రాసి, మళ్లీ తేదీ తీసుకుని వెళ్లాం. రెండోసారి పనిచేసింది. మన దక్షిణాది ఆఫీసుల్లో రెండు మూడు లేఅవుట్లు ఉండటం సహజం. విదేశీ పరికరాలతో వచ్చే సూచనల్లో దీని గురించి మనకు పనికొచ్చేలా చెప్పినవాళ్లు తక్కువ.

ఒకేసారి కీబోర్డుగా, పెన్‌డ్రైవ్‌గా, నెట్‌వర్క్‌గా ఉండగలదా?

ఉండగలదు, కానీ 'ఎండ్‌పాయింట్ల' సంఖ్య అడ్డొస్తుంది. ఎండ్‌పాయింట్ అంటే పరికరానికీ కంప్యూటర్‌కూ మధ్య ఒక డేటా దారి అనుకోండి. కీబోర్డుకు ఒకటి, పెన్‌డ్రైవ్‌కు రెండు, సీరియల్‌కు మూడు, నెట్‌వర్క్‌కు సాధారణంగా మూడు. ఏటీమెగా32యూ4లో కంట్రోల్ దారి కాక ఆరు మాత్రమే ఉంటాయి. అందులో ఆర్డుయినో సీరియలే మూడు తినేస్తుంది. ఆర్‌పీ2040లో రెండు దిశలకూ పదహారేసి ఉన్నాయి, అంత చౌక చిప్‌లో ఇది గొప్ప సంగతి.

నెట్‌వర్క్ వేషం ఎందుకు ముఖ్యమంటే, 2016లో రాబ్ ఫుల్లర్ అనే పరిశోధకుడు లాక్ అయి ఉన్న కంప్యూటర్‌కు కూడా యూఎస్‌బీ ఈథర్‌నెట్ పరికరం పెట్టి, లాగిన్ అయి ఉన్న యూజర్ పాస్‌వర్డ్ హ్యాష్‌ను (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన గుర్తును) రాబట్టవచ్చని చూపించాడు. తెర లాక్ చేస్తే చాలనుకునే చోట నేను ముందు చెప్పే ఉదాహరణ ఇదే. ఒక జాగ్రత్త: యూఎస్‌బీ మీద నెట్‌వర్క్ నడిపే పద్ధతులు రకరకాలు. విండోస్‌కు ఆర్‌ఎన్‌డీఐఎస్, మ్యాక్‌కూ లినక్స్‌కూ ఈసీఎం పద్ధతి సరిపోతుంది. విండోస్ 11లో ఎన్‌సీఎం కూడా సొంతంగా పనిచేస్తుంది. ఒక వేషం అన్నిచోట్లా సరిపోదు.

స్విచ్, ఎల్‌ఈడీ ఉండాలా? లేకపోతే ధర తగ్గుతుంది కదా?

తగ్గించుకోవద్దు. నా దృష్టిలో ప్రాసెసర్ కంటే స్విచ్ విలువైనది. బ్యాష్ బన్నీకి మూడు స్థానాల స్విచ్ ఉంది: ఒకటి స్క్రిప్టులు సర్దుకోవడానికి, మిగతా రెండు రెండు వేర్వేరు పరీక్షలకు. సర్దుకునే స్థానంలో పెడితే అది ఎవరి మీదా ఏమీ చేయదు.

స్విచ్ లేని డిజిస్పార్క్‌కు కరెంటు అందితే చాలు, తన పని తాను చేసేస్తుంది. మా దగ్గరికి వచ్చే ఒక తమ్ముడు అలాంటిదాన్ని తాళంచెవుల గుత్తికి తగిలించుకున్నాడు. వాళ్ల పీజీలో రూమ్మేట్ అది మామూలు పెన్‌డ్రైవ్ అనుకుని, ప్రాజెక్ట్ సమర్పించాల్సిన రాత్రి తన ల్యాప్‌టాప్‌కు పెట్టాడు. లోపల ఉన్నది నోట్‌ప్యాడ్ తెరిచి రెండు లైన్లు రాసే స్క్రిప్టే, నష్టమేమీ లేదు. ఇంకోటి ఉంటే? ఆ రోజు నుంచి మా బల్ల దగ్గర నియమం పెట్టాం: స్విచ్ లేని బోర్డుకు రెండు పిన్నుల మధ్య జంపర్ (పిన్నులను కలిపే చిన్న ముక్క) పెట్టి, జంపర్ ఉంటేనే పని చేసేలా ప్రోగ్రామ్ రాయాలి. ఎరుపు టేపు కూడా చుట్టాలి.

ఎల్‌ఈడీ ఎందుకంటే, పరీక్ష పూర్తయిందా లేదా తెలియకుండా పరికరం పీకేస్తే అవతలి మెషీన్ సగం పనితో మిగిలిపోతుంది. దాన్ని తర్వాత శుభ్రం చేయాల్సింది వాళ్ల ఐటీ కుర్రాళ్లు.

వై-ఫై, బ్లూటూత్ ఉన్నది తీసుకోవాలా?

దూరం నుంచి మొదలుపెట్టాలన్నా, ఆపాలన్నా పనికొస్తుంది. ఆపడం కోసమే నేను వాడతాను. పై జీరో డబ్ల్యూలో 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై మాత్రమే ఉంది. యాంటెన్నా బోర్డులోనే త్రిభుజం ఆకారంలో చెక్కి ఉంటుంది కాబట్టి దాన్ని ఇనుప పెట్టెలో పెడితే సిగ్నల్ చచ్చిపోతుంది. ప్లాస్టిక్ కేసే వాడండి.

2.4 గిగాహెర్ట్జ్ మన దేశంలో లైసెన్సు అక్కర్లేని బ్యాండు. కానీ వైర్‌లెస్ పరికరం విదేశం నుంచి తెప్పించాలంటే టెలికాం శాఖ డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ సంగతి వస్తుంది. అది లేని పార్సిల్ కస్టమ్స్‌లో ఆగవచ్చు. మొదటిసారి కొనేవాళ్లు రేడియో లేని బోర్డుతో మొదలుపెడితే ఈ గొడవ ఉండదు.

చెన్నై ఎండకు, ఉప్పు గాలికి తట్టుకుంటుందా?

రాస్ప్‌బెర్రీ పై చిప్ 80 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి తనే వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో ఏసీ లేని గదిలో, మూసిన కేసులో జీరో 2 డబ్ల్యూ ఆ దరిదాపులకు సులువుగా వెళ్తుంది. వేడి పీల్చే చిన్న అల్యూమినియం ముక్క అంటిస్తే సరిపోతుంది, యాంటెన్నా వైపు మాత్రం రానివ్వకండి. బెసంట్ నగర్‌లాగా సముద్రం పక్కన ఉండేవాళ్లు ప్లగ్ పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో అప్పుడప్పుడు తుడవండి. నెలల తరబడి సొరుగులో పడి ఉన్న చౌక ప్లగ్గుల మీద పూత పోయి పచ్చగా చిలుము పట్టడం చూశాను.

మెమరీ కార్డు తరచూ పాడవుతోంది.

షట్‌డౌన్ చేయకుండా పీకేస్తున్నారు కాబట్టి. ఈ పరికరాన్ని వాడే తీరే అది, మిమ్మల్ని తప్పుపట్టలేం. పై ఓఎస్ సెట్టింగుల్లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేస్తే కార్డు మీద ఏమీ రాయకుండా ర్యామ్‌లోనే నడుస్తుంది. లాగ్‌ల (ఎప్పుడు ఏం జరిగిందన్న నమోదుల) కోసం వేరే చిన్న పార్టిషన్ ఉంచండి. లాగ్ లేని పరీక్షకు క్లయింట్ దగ్గర విలువ లేదు.

పరికరం పోతే? అందులో క్లయింట్ సమాచారం ఉంటే?

ఇక్కడే ఖరీదైన పరికరాలకూ చౌక బోర్డులకూ అసలైన తేడా. యూఎస్‌బీ ఆర్మరీ రెండో తరం బోర్డు 66 × 19 × 8 మిల్లీమీటర్లు, బొటనవేలంత. అందులో 900 మెగాహెర్ట్జ్ చిప్, 16 జీబీ మెమరీతో పాటు, సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్ మాత్రమే నడిచేలా చేసే సెక్యూర్ బూట్, ఎన్‌క్రిప్షన్ కీలు దాచుకోవడానికి విడిగా భద్రతా చిప్‌లు ఉన్నాయి. హార్డ్‌వేర్ డిజైన్ బహిరంగంగా ఉంది. పై జీరోలో ఇలాంటిదేదీ లేదు. కార్డు తీసి ఇంకో మెషీన్‌లో పెడితే అంతా చదవవచ్చు.

అలాగని గుడ్డిగా నమ్మకూడదు. ఆర్మరీ మొదటి తరంలో వాడిన ఐ.ఎంఎక్స్53 చిప్ సెక్యూర్ బూట్‌లో లోపాలున్నాయని 2017లో క్వార్క్స్‌ల్యాబ్ పరిశోధకులు బయటపెట్టారు. లోపం చిప్ లోపల, తయారీలోనే రాసేసిన, ఆ తర్వాత మార్చలేని రోమ్ మెమరీలో ఉంది. అలాంటిది అప్‌డేట్‌తో పోదు. నా పద్ధతి ఒకటే: క్లయింట్ సమాచారం పరికరంలో ఒక్క రాత్రి కూడా ఉంచను.

ఫ్లిప్పర్ జీరో సరిపోదా?

జేబులో పట్టే ఈ హ్యాకింగ్ పరికరం కూడా కీబోర్డు వేషం వేయగలదు. 64 మెగాహెర్ట్జ్ చిప్, 256 కేబీ ర్యామ్, సొంత బ్యాటరీ, చిన్న తెర ఉన్నాయి. దాని అసలు బలం రేడియోలో, కార్డులు చదవడంలో. యూఎస్‌బీ పని కోసమే అయితే అంత డబ్బు పెట్టక్కర్లేదు.

యూఎస్‌బీ కిల్లర్ అంటే ఇదేనా?

కాదు. అది కెపాసిటర్లలో కరెంటు నింపుకుని డేటా తీగల్లోకి ఎక్కువ వోల్టేజీ కొట్టి మెషీన్‌ను కాల్చేస్తుంది. 2019లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక కాలేజీలో 66 కంప్యూటర్లు ఇలా పాడుచేసిన కేసులో జైలు శిక్ష పడింది. మా బల్ల మీదకు దాన్ని రానివ్వం.

యాంటీవైరస్ దీన్ని ఆపదా?

పరికరాన్ని సాధారణంగా ఆపదు, ఎందుకంటే అక్కడ ఫైలేమీ లేదు, 'కీబోర్డు' టైప్ చేస్తోంది. టైప్ అయిన కమాండ్ ఏం చేస్తుందో చూసి ఆ తర్వాత పట్టుకోవచ్చు. పరికరాన్నే ఆపాలంటే విండోస్‌లో గ్రూప్ పాలసీతో (ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ ఒకేచోట నుంచి పెట్టే నియమాలతో), జాబితాలో లేని పరికరాలు ఇన్‌స్టాల్ కాకుండా కట్టడి చేయాలి. లినక్స్‌లో ఇదే పనికి యూఎస్‌బీగార్డ్ అనే సాధనం ఉంది. ఆపిల్ సొంత చిప్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో మ్యాక్‌ఓఎస్ వెంచురా నుంచి కొత్త పరికరం పెడితే అనుమతి అడుగుతుంది. తయారీదారు నంబరు ఒక్కటే చూసి అనుమతించే జాబితాను మాత్రం నమ్ముకోవద్దు. ఆ నంబరును పరికరం తనకు నచ్చినట్టు చెప్పుకోగలదని మొదట్లోనే అనుకున్నాం కదా.

ఇది దగ్గర ఉంచుకోవడం నేరమా?

ఇంట్లో మీ సొంత మెషీన్ మీద నేర్చుకోండి, భయం లేదు. ఇతరుల కంప్యూటర్‌కు వాళ్ల అనుమతి లేకుండా పెడితే సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43, 66 సెక్షన్ల కిందికి వస్తుంది. దురుద్దేశంతోనో మోసంతోనో చేశారని తేలితే మూడేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 'ఫ్రెండ్ ల్యాప్‌టాప్, సరదాకు' అన్నా అనుమతి లేకపోతే తప్పే.

ఆఫీసు పరీక్షకు వెళ్తే లిఖితపూర్వక అనుమతి పత్రం జేబులో ఉండాలి. ఏ తేదీలు, ఏ భవనం, ఏ మెషీన్లు, పట్టుబడితే ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ అందులో ఉండాలి. ఇంకో కారణం కూడా ఉంది. 2022 ఏప్రిల్ 28న మన దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు కొన్ని రకాల సైబర్ ఘటనలను తెలిసిన 6 గంటల్లో తెలపాలి. మీ పరీక్ష సంగతి తెలియని వాళ్ల మానిటరింగ్ టీమ్ నిజమైన దాడి అనుకుని ఆ పని మొదలుపెడితే, సర్దిచెప్పడం చాలా కష్టం.

చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

మెట్రో దిగితే నడిచి వెళ్లేంత దూరమే. శనివారం సాయంత్రం వద్దు, తొక్కిడిలో బోర్డు వెనక్కి తిప్పి చూసే తీరిక ఉండదు. వారం మధ్యలో, కొట్లు తెరిచిన కాసేపటికి వెళ్లండి. చాలా కొట్లలో తెలుగు అర్థమవుతుంది, 'అన్నా' అని పలకరిస్తే తమిళంలోనూ అదే మాట.

ప్రో మైక్రోలో రెండు రకాలున్నాయి: 5 వోల్టులు 16 మెగాహెర్ట్జ్, 3.3 వోల్టులు 8 మెగాహెర్ట్జ్. చూడటానికి ఒకేలా ఉంటాయి. రకం మార్చి ప్రోగ్రామ్ ఎక్కిస్తే యూఎస్‌బీ కనపడకుండా పోతుంది. చిప్ మీద 32యూ4 అని అచ్చు ఉందో లేదో ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చూడండి. చిప్ పక్కన సీహెచ్340 అని ఇంకో చిప్ కనపడితే వెనక్కి ఇచ్చేయండి. మెమరీ కార్డు ఇంటికొచ్చాక ఎఫ్3 సాధనంతో చివరి దాకా రాసి చదివించండి. 64 అని రాసి లోపల 8 ఉన్న కార్డు మాకు ఒకసారి తగిలింది.

మొదటిసారి కొంటున్నాను. ఒక్కటే చెప్పండి.

పికో. 51 × 21 మిల్లీమీటర్లు, సొంత యూఎస్‌బీ ఉంది, రేడియో లేదు. మీద ఉన్న బూట్‌సెల్ బటన్ నొక్కిపట్టి పెడితే పెన్‌డ్రైవ్‌లా తెరుచుకుంటుంది, ఎంత తప్పు ప్రోగ్రామ్ ఎక్కించినా అలా వెనక్కి తెచ్చుకోవచ్చు. దాంతోపాటు డేటా తీగలున్న ఒక మంచి కేబుల్, ఒక జంపర్, ఎరుపు టేపు. మొదటి ప్రోగ్రామ్‌గా జంపర్ చూసే నాలుగు లైన్లు రాయండి, కీబోర్డు సంగతి ఆ తర్వాత.